పెంపుడు పామును వదులుకోవాల్సి వస్తే ఎవరి చేతుల్లో పెట్టాలి?

కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు పన్నెండేళ్లో పదిహేనేళ్లో లెక్కేసుకుంటారు. పామును తెచ్చుకునేటప్పుడు ఆ లెక్క చాలామందికి తట్టదు. కార్న్ స్నేక్ మంచి పెంపకంలో 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకి 1961లో వచ్చిన బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికే దానికి 60 ఏళ్లు దాటాయని జూ అంచనా. చదువుకునే రోజుల్లో ముచ్చటపడి కొన్న పాము ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇళ్లు మారడం అన్నిటిలోనూ మన వెంటే ఉండాలన్నమాట. ఎక్కడో ఒకచోట కుదరకపోవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే వదులుకునే తీరులోనే ఆ జీవి మిగతా జీవితమంతా తేలిపోతుంది కాబట్టి దారులన్నీ చూసి, తీరిగ్గా ఎంచుకోవాలి.

ఇక్కడ చెప్పేవన్నీ విషం లేని పెంపుడు పాముల గురించి. విషసర్పాల సంగతి వేరు, దాన్ని విడిగా చెప్పుకుందాం.

ముందు మీ పాము సంగతి తేల్చుకోండి

ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు సగం పాములోనే ఉంటుంది.

మొదట జాతి, పరిమాణం. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, బాల్ పైథాన్ లాంటివి పెరిగినా దాదాపు మీటరున్నర లోపే ఉంటాయి, ఒక్క మనిషి పట్టుకోగలడు, పెంచేవాళ్లు దొరుకుతారు. సాధారణ బోవా ఆడది రెండు మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. బర్మీస్ పైథాన్, రెటిక్యులేటెడ్ పైథాన్ అయితే నాలుగైదు మీటర్లు కూడా సులువుగా దాటగలవు. రెండున్నర మీటర్లు దాటిన పామును ఒంటరిగా పట్టుకోకూడదన్నది పెంపకందారులు పాటించే నియమం. అలాంటి పాముకు మామూలు పెట్టె చాలదు, ఏకంగా ఒక గది కావాలి. పాము పెద్దదయ్యేకొద్దీ మీకు మిగిలే దారులు తగ్గుతూ పోతాయి.

రెండోది ఆరోగ్యం. దీన్నే ఎక్కువమంది దాటేస్తారు. కొత్త ఇంట్లో ఇంకో పది పాములు ఉండవచ్చు. మీ పాముతో పాటు రోగం వెళ్తే అవన్నీ పోవచ్చు. అప్పగించే ముందు ఇవి చూడండి:

- కళ్ల చుట్టూ, గడ్డం కింద పొలుసుల సందుల్లో నల్లటి చుక్కల్లా కదిలే మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయా? పాము ఎప్పుడూ నీళ్ల గిన్నెలోనే చుట్టుకుని ఉంటోందంటే మైట్స్ ఉన్నాయేమోనని అనుమానించాలి.
- నోరు తెరిచి ఊపిరి తీస్తోందా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయా, బుసలో గురక వినిపిస్తోందా? ఇవి ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. పైథాన్లలో దీని వెనక నిడోవైరస్ ఉండవచ్చు.
- తిన్నది రెండు మూడు రోజులకు కక్కేస్తోందా, కడుపు భాగంలో వాపు ఉందా? క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఇలా చేస్తుంది. దానికి నమ్మదగిన మందు లేదు, మామూలు బ్లీచ్‌కూ అది చావదు.
- తల వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూస్తున్నట్టు ఉండిపోతోందా, వెల్లకిలా తిప్పితే మళ్లీ బోర్లా తిరగలేకపోతోందా? బోవాల్లో, పైథాన్లలో ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అనే అంటువ్యాధి లక్షణం ఇది.

చివరి దాని విషయంలో ఒక మినహాయింపు ఉంది. స్పైడర్ మార్ఫ్ (మార్ఫ్ అంటే ప్రత్యేకమైన రంగు, మచ్చలు వచ్చేలా పెంచిన రకం) బాల్ పైథాన్ తల వణుకుతూ మెలికలు తిరగడం పుట్టుకతో వచ్చే నరాల లోపం, అంటువ్యాధి కాదు. అయినా తీసుకునేవాళ్లకు ముందే చెప్పి తీరాలి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కుక్కలకూ పిల్లులకూ మాత్రమే వైద్యం చేసేవాళ్లు పాము పరీక్షలు చేయలేకపోవచ్చు, ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.

మూడోది మీ చేతిలో ఉన్న వ్యవధి. రెండు మూడు నెలలుంటే దాదాపు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. వారమే ఉంటే మంచి ఇల్లు దొరకడం కష్టం. అప్పుడు తాత్కాలికంగా ఎవరి దగ్గరైనా ఉంచి, శాశ్వతమైన ఇంటిని నిదానంగా వెతకడం మేలు. ఊరు మారుతున్నామని తెలిసిన రోజే వెతకడం మొదలుపెట్టండి. సామాన్లు సర్దే వారం దాకా ఆగితే ఎవరు అడిగితే వాళ్లకే ఇచ్చేయాల్సి వస్తుంది.

నాలుగోది చట్టం. దేశాన్ని బట్టి ఇది పూర్తిగా మారుతుంది. న్యూజిలాండ్‌లో పామును పెంచడమే కుదరదు. ఆస్ట్రేలియాలో లైసెన్సుతో దేశీయ జాతులనే ఉంచుకోవాలి. అమెరికా 2012లో బర్మీస్ పైథాన్‌తో పాటు మరికొన్ని పెద్ద పాములను హానికర జాతుల జాబితాలో చేర్చింది. పైథాన్లు, బోవాలు అన్నీ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం పరిధిలోకి వస్తాయి, కాబట్టి సరిహద్దు దాటించాలంటే పత్రాలు కావాలి. ఒకే దేశంలో కూడా రాష్ట్రానికో నియమం ఉండవచ్చు. మీ ప్రాంతపు వన్యప్రాణి విభాగాన్ని రెండు ప్రశ్నలు అడగండి: ఈ జాతిని చేతులు మార్చడానికి అనుమతి కావాలా? తీసుకునేవాళ్లకు లైసెన్సు ఉండాలా? మీ దగ్గరున్న కాగితాలు సరిగా లేవని భయపడి ఈ ఫోన్ చేయడం మానకండి. ఫ్లోరిడాలో వన్యప్రాణి కమిషన్ నడిపే పథకంలో అన్యదేశపు పెంపుడు జంతువును జరిమానా లేకుండా అప్పగించవచ్చు, ముందే అర్హత తేల్చుకున్న పెంపకందారులకు దాన్ని ఇస్తారు. అలాంటి ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందేమో అడిగితేనే తెలుస్తుంది.

నిజంగా వదులుకోవాలా?

కొన్ని కారణాలు చూడ్డానికి పెద్దవే గానీ పరిష్కారం చిన్నది. "పాము తినడం మానేసింది, నా వల్ల కాదు" అనే మాట బాల్ పైథాన్ ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుంది. పెద్ద బాల్ పైథాన్ చల్లటి నెలల్లో, జతకట్టే కాలంలో నెలల తరబడి ముట్టదు. మూత ఉన్న డబ్బాలో పెట్టి వారానికోసారి తూచండి. బరువు నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు. పది శాతానికి మించి తగ్గితే వైద్యుడికి చూపించాలి. చాలాసార్లు తప్పు పెట్టెలోనే ఉంటుంది. వేడి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 24 నుంచి 27 డిగ్రీలు, తేమ 55 నుంచి 70 శాతం ఉందో లేదో కొలిచి చూడండి. రెండు వైపులా ఒళ్లు ఆనేంత ఇరుకైన గూడు ఒక్కొక్కటి ఉండాలి. ఇవి సరిచేశాక తినడం మొదలుపెట్టే పాములు చాలా ఉన్నాయి.

కరుస్తోందన్నది ఇంకో ఫిర్యాదు. చేతికి ఎలుక వాసన ఉన్నప్పుడో, పెట్టె తెరిస్తే చాలు ఆహారం వస్తుందని పాము అలవాటు పడినప్పుడో ఇది జరుగుతుంది. చేయి పెట్టే ముందు స్నేక్ హుక్‌తో (పామును ఎత్తే కొక్కెం కర్ర) ఒంటిని మెల్లగా తాకితే ఇది తిండి సమయం కాదని దానికి అర్థమవుతుంది. ఆరు నెలల పాటు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చినవాళ్లకైతే తెలిసిన పెంపకందారు దగ్గర ఉంచి వెళ్లడమే తేలిక.

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నా, గర్భిణి ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి ఉన్నా అది వేరే సంగతి. ఆరోగ్యంగా కనిపించే పాము కూడా మనిషికి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోయవచ్చు. వేరే గది, వేరే సింకు, ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం సాధ్యం కానప్పుడు అప్పగించడానికి అది సరైన కారణమే.

దారులు ఒక్కచోట

| దారి | ఎలాంటి పాముకు | పట్టే సమయం | తర్వాతి సంగతులు తెలుస్తాయా | ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|---|
| అమ్మిన బ్రీడర్‌కు (పాము పిల్లలను పుట్టించి అమ్మేవాళ్లు) తిరిగి ఇవ్వడం | వంశం తెలిసినది, ఆరోగ్యంగా ఉన్నది | కొద్ది రోజులు | కొంతవరకు | రోగభయంతో కాదనవచ్చు |
| తెలిసిన పెంపకందారు | ఏదైనా, మధ్యస్థ పరిమాణం దాకా | వారాలు | బాగా తెలుస్తాయి | మొహమాటం |
| సరీసృపాల సంఘం, రెస్క్యూ (దిక్కులేని జీవులను చేరదీసే సంస్థ) | పెద్దవి, సమస్యలున్నవి కూడా | వారాల నుంచి నెలలు | సంస్థను బట్టి | వేచి ఉండాల్సిన జాబితా |
| మీరే ప్రకటన ఇవ్వడం | చిన్నవి, సులువైనవి | చెప్పలేం | మీరు రాయించుకున్నదాన్ని బట్టి | మనుషులను పరీక్షించే పని మీదే |
| పెట్ షాప్ | చిన్నవి | ఒక రోజు | తెలియవు | ఎవరికి అమ్ముతారో తెలియదు |
| సాధారణ జంతు ఆశ్రయం | దేశం, ఊరు బట్టి | ఒక రోజు | తక్కువ | వేడి, ఆహారం ఏర్పాట్లు లేకపోవడం |
| జూ | అరుదైనవి మాత్రమే | నెలలు | తెలుస్తాయి | మామూలు జాతులను దాదాపు తీసుకోవు |

బ్రీడర్‌కు తిరిగి ఇవ్వడం

మొదటి ఫోన్ ఇక్కడికే చేయాలి. బాధ్యతగల బ్రీడర్ తాను అమ్మిన పామును ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటానని కాగితం మీదే రాసిస్తాడు. దాని తల్లిదండ్రులు, మార్ఫ్, పుట్టిన తేదీ ఆయన దగ్గర ఉంటాయి, మళ్లీ మంచి చేతుల్లో పెట్టగల పరిచయాలూ ఉంటాయి. అయితే మీ పాము కొన్నేళ్లు బయట తిరిగి వచ్చింది, మీ ఇంట్లో వేరే పాములు ఉండి ఉంటాయి. జాగ్రత్తగల బ్రీడర్ దాన్ని నేరుగా తన మందలో కలపడు, 60 నుంచి 90 రోజులు విడిగా ఉంచుతాడు. క్వారంటైన్ ఎలా చేస్తారని అడగండి. "అదేం అక్కర్లేదు, తెచ్చేయండి" అంటే ఆ చోటు మీ పాముకే ప్రమాదం. డబ్బు వాపసు వస్తుందని మాత్రం ఆశించకండి.

తెలిసిన పెంపకందారు

అన్ని దారుల్లోకీ మాకు నచ్చేది ఇదే. ఇప్పటికే అదే జాతిని కనీసం రెండు మూడేళ్లుగా పెంచుతున్న మనిషి, ఆయన ఇల్లు మీరు వెళ్లి చూడగలిగినంత దగ్గరలో ఉంటే ఇంకేం కావాలి? ఇక్కడ చిక్కు మొహమాటం. స్నేహితుడు కాదనలేక ఒప్పుకుంటాడు, ఇంట్లోవాళ్లకు ఇష్టం ఉండదు, మూడు నెలలకు పాము ఇంకో చేతికి పోతుంది. అందుకని ఆయనతో పాటు ఇంట్లో ఉండే పెద్దలందరితో మాట్లాడండి. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉందో అడగండి. పాము మీద ఇష్టం ఉండి అనుభవం లేనివాళ్లు అడిగితే, మీరు వాడే పెట్టె, థర్మోస్టాట్ (వేడిని హద్దులో ఉంచే పరికరం), హీట్ మ్యాట్, దాక్కునే గూళ్లు అన్నీ కలిపి ఇవ్వండి. అలవాటైన పెట్టెతో వెళ్లిన పాము కొత్త చోట త్వరగా కుదురుకుంటుంది.

సరీసృపాల సంఘాలు, రెస్క్యూలు

పెద్ద కొండచిలువ జాతులకూ, జబ్బుపడ్డ పాములకూ, కరిచే అలవాటున్నవాటికీ ఇవే అసలు దిక్కు. బర్మీస్ పైథాన్‌ను తీసుకోగల ఇళ్లు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, ఆ ఇళ్ల జాడ తెలిసినవాళ్లు ఈ సంఘాల్లో ఉంటారు. కానీ వీటిలో ఎక్కువ భాగం స్వచ్ఛందంగా నడిచేవి. పెట్టెలు నిండి ఉంటాయి. మీ ఉత్తరానికి జవాబు రావడానికే వారాలు పట్టవచ్చు. రాసేటప్పుడు మొదటి ఉత్తరంలోనే జాతి, వయసు, పొడవు, బరువు, ఏం తింటుంది, చివరిగా ఎప్పుడు తింది, జబ్బుల చరిత్ర, స్పష్టమైన మూడు నాలుగు ఫొటోలు పెట్టండి. "పాము ఉంది, తీసుకుంటారా" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు ఏమీ తేల్చలేరు. చోటు ఖాళీ అయ్యేదాకా మీరే ఉంచుకుని వాళ్ల జాబితా ద్వారా ఇల్లు వెతికే పద్ధతి ఉంటుందేమో అడగండి. పాముకు మార్పులు తగ్గుతాయి, వాళ్లకూ భారం తగ్గుతుంది.

రెస్క్యూ అని పేరు పెట్టుకున్న ప్రతిదీ రెస్క్యూ కాదు. చూసి రావడానికి ఒప్పుకోని చోట, దత్తతకు ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్నైనా అడగని చోట, ఒకే పెట్టెలో రెండు జాతులను కలిపి ఉంచే చోట పామును వదలకండి. వీలైతే పెట్టె ఇవ్వండి, కొన్ని నెలల ఆహారానికి సరిపడా విరాళమూ ఇవ్వండి.

మీరే ప్రకటన ఇవ్వడం

కార్న్ స్నేక్ లాంటి సులువైన పాముకు ఇది బాగానే పనిచేస్తుంది. ఒకటే జాగ్రత్త, "ఉచితం" అన్న మాట రాయకండి. ఉచితం అనగానే వచ్చేవాళ్లలో తిరిగి అమ్ముకునేవాళ్లు, పామును తినే పాములకు ఆహారంగా వేసేవాళ్లు, సరదాకు అడిగేవాళ్లు కలిసి ఉంటారు. మార్కెట్ ధరకు దగ్గర్లో దత్తత రుసుము పెడితే ఇలాంటివాళ్లు చాలావరకు తప్పుకుంటారు. మనిషి నచ్చాక ఆ రుసుమును తగ్గించుకోవచ్చు, వదిలేసుకోవచ్చు కూడా. ప్రకటనలో పాము లోపాలు దాచకండి. "కొన్నిసార్లు బుసకొడుతుంది, చిన్న ఎలుకలే తింటుంది, నాలుగేళ్ల క్రితం శ్వాసకోశ జబ్బు వచ్చి తగ్గింది" అని రాస్తే తెలిసినవాళ్లు భయపడరు, తెలియనివాళ్లు వాళ్లంతట వాళ్లే పక్కకు జరుగుతారు. జంతువుల అమ్మకాలను నిషేధించిన వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, నియమాలు చదివి పెట్టండి.

పెట్ షాప్, ఆశ్రయం, జూ

పెట్ షాప్ వేగంగా తీసుకుంటుంది. ఎవరికి అమ్ముతుందో మీ చేతిలో ఉండదు. తప్పనిసరైతే సరీసృపాలు తెలిసిన సిబ్బంది ఉన్న దుకాణాన్నే చూడండి. కుక్కలూ పిల్లులూ ఉండే ఆశ్రయంలో వేడి పెట్టె ఉండదు, పక్కగదిలోంచి వచ్చే మొరుగుడూ వాసనా పామును బెదరగొడతాయి. ముందు ఫోన్ చేసి సరీసృపాల ఏర్పాటు ఉందో అడగండి. జూ వైపు ఆశ పెట్టుకోకండి. వంశం తెలియని మామూలు జాతిని తీసుకుని తమ జంతువులకు రోగం తెచ్చుకోవడానికి అవి ఇష్టపడవు. పాఠశాల, ప్రకృతి కేంద్రం లాంటిచోట్ల కొన్నిసార్లు శాంతమైన పాముకు చోటుంటుంది. సెలవుల్లో ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పగలిగితేనే ఒప్పుకోండి.

మీరు ఏ స్థితిలో ఉన్నారో బట్టి

చిన్న, ఆరోగ్యమైన పాము, రెండు నెలల వ్యవధి ఉంటే బ్రీడర్‌ను అడగండి. ఆయన కాదంటే సంఘం ద్వారా తెలిసిన పెంపకందారును వెతకండి. అప్పటికీ దొరకకపోతే ప్రకటన ఇవ్వండి.

పెద్ద కొండచిలువ అయితే మొదటి రోజు నుంచే రెండు మూడు రెస్క్యూలకు ఒకేసారి రాయండి, దూరమైనా సరే. వ్యక్తులకు ఇవ్వాల్సివస్తే గది చూడకుండా ఇవ్వకండి.

వ్యవధి వారమే ఉంటే తాత్కాలిక సంరక్షకుణ్ణి వెతకండి, ఎన్ని నెలలో రాసుకోండి.

పాముకు అంటువ్యాధి తేలితే అప్పగింత గురించే వేరుగా ఆలోచించాలి. మరో పాము లేని, అనుభవమున్నవాళ్ల ఇల్లు మాత్రమే సరిపోతుంది. క్రిప్టోస్పోరిడియం, ముదిరిన ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ లాంటివాటిలో పాము బాధపడుతుంటే పశువైద్యుడి చేతుల్లో కారుణ్య మరణం దయగల నిర్ణయమే. వైద్యులు ముందు మత్తిచ్చి, స్పృహ పోయిందని నిర్ధారించుకున్నాకే రెండో ఇంజెక్షన్ ఇస్తారు.

విషసర్పం ఉంటే ఎవరికీ చూపించకండి, పెట్టె నుంచి తీయకండి, వాహనంలో పెట్టకండి. వన్యప్రాణి విభాగానికి ఫోన్ చేసి, శిక్షణ ఉన్నవాళ్లను రప్పించండి.

తీసుకునేవాళ్లను ఏం అడగాలి

కింది ప్రశ్నలకు తడబడకుండా జవాబు వస్తే చాలు:

1. పెట్టె సిద్ధంగా ఉందా? లోపల థర్మామీటర్ కనిపించేలా ఫొటో పంపగలరా? పాము వెళ్లాక కొంటామంటే వద్దు. వారం ముందే పెట్టె నడుస్తూ, ఉష్ణోగ్రత నిలకడగా ఉండాలి.
2. హీట్ మ్యాట్‌కో బల్బుకో థర్మోస్టాట్ ఉందా? అది లేని వేడి వల్లే పాముల పొట్ట కాలుతుంది.
3. ఏం తినిపిస్తారు, ఎక్కడ నుంచి తెస్తారు? గడ్డకట్టించి కరిగించిన ఎలుకలు తినే పాముకు బతికున్నవాటిని వేస్తే ఎలుకే దాన్ని కొరికి గాయం చేయవచ్చు.
4. ఇంకా పాములున్నాయా? ఉంటే దీన్ని వేరే గదిలో ఎన్ని రోజులు ఉంచుతారు?
5. జబ్బు చేస్తే ఏ వైద్యుడి దగ్గరకు వెళ్తారు?

సమాధానం కంటే వాళ్లు మిమ్మల్ని అడిగే ప్రశ్నలే ఎక్కువ చెబుతాయి. చివరిసారి ఎప్పుడు తింది, కుబుసం ఒకే ముక్కగా వస్తుందా అని అడిగేవాళ్లకు ధైర్యంగా ఇవ్వవచ్చు. పొడవు ఎంత, ఒంటి మీద వేసుకుంటే ఫొటో బాగుంటుందా అని మాత్రమే అడిగేవాళ్లకు వద్దు.

ఒక పేజీ కాగితం మీద రాసుకోండి: పాము జాతి, ఇచ్చిన తేదీ, తెలిసిన జబ్బులు, ఇద్దరి సంతకాలు. కొత్త యజమాని ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే ముందుగా మీకు చెప్పాలన్న షరతు అందులో ఉండాలి. లైసెన్సు అవసరమైన చోట దాని నకలు జతచేయండి.

అప్పగించే రోజు

ప్రయాణానికి ముందు తినిపించకండి. చిన్న పాముకు కనీసం మూడు రోజులు, పెద్దదానికి వారం ఆగాలి. కడుపు నిండుగా ఉన్న పాము కుదుపులకు కక్కేస్తుంది, కక్కితే మళ్లీ కోలుకోవడానికి వారాలు పడుతుంది.

కుట్లు గట్టిగా ఉన్న దిండు గలీబును లోపలి పక్కకు తిప్పండి. కుట్టు దగ్గర వేలాడే దారాలు పాము పళ్లకు చిక్కుకోకుండా అలా చేస్తారు. పామును అందులో దింపి, పైభాగం మెలిపెట్టి ముడి వేయండి. ముడి పాముకు తగలకుండా కాస్త దూరంలో ఉండాలి. ఆ మూటను గాలి రంధ్రాలున్న మూత గట్టి డబ్బాలో పెట్టి మూతకు టేపు వేయండి. డబ్బా మీద జాతి పేరు, "బతికున్న పాము" అన్న మాట, మీ ఫోన్ నంబరు రాయండి. నీళ్ల గిన్నె వద్దు, ఒలికితే గలీబు తడిసి పాము ఒళ్లు చల్లబడిపోతుంది. వాహనంలో 22 నుంచి 27 డిగ్రీలు చాలు. పార్క్ చేసిన కారులో ఐదు నిమిషాలైనా ఒంటరిగా ఉంచకండి, ఎండలో లోపలి వేడి త్వరగా పెరిగి ప్రాణం తీయగలదు. హీట్ ప్యాక్ పెట్టాల్సివస్తే డబ్బా బయటి గోడకు అతికించండి, లోపల పాముకు తగిలేలా వద్దు. తపాలా ద్వారా పామును పంపడాన్ని అనేక దేశాల్లో ఒప్పుకోరు. చేతుల మీదుగా ఇవ్వడమే సురక్షితం.

పాముతో పాటు వెళ్లాల్సిన కాగితంలో ఆఖరి పది భోజనాల తేదీలు, ఎలుక బరువు గ్రాముల్లో, పాము బరువు, చివరి కుబుసం తేదీ, పెట్టెలో ఉంచిన ఉష్ణోగ్రతలు రాయండి. మగా ఆడా నిర్ధారణగా తెలియకపోతే తెలియదని రాయండి. పరీక్షలో ప్రోబ్ అనే సన్నటి కడ్డీ వాడి చెప్పాల్సిన సంగతిని ఊహతో రాస్తే తర్వాత జత చేసేటప్పుడు పొరపాట్లు జరుగుతాయి.

ఎంత విసిగిపోయినా చేయకూడని రెండు పనులు

అడవిలో వదిలేయడం. చల్లటి ప్రాంతంలో ఆ పాము మొదటి చలికే చచ్చిపోతుంది, లేదా ఇంట్లో ఎలుక తిని పెరిగిన జీవి వేటాడలేక ఆకలితో పోతుంది. వెచ్చటి ప్రాంతంలో అయితే అది బతికి, అక్కడి జీవులను తినేస్తుంది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో బర్మీస్ పైథాన్లు అలాగే స్థిరపడ్డాయి. 2012లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం అక్కడ రకూన్ల జాడ 99 శాతం, ఒపోసమ్‌ల జాడ 98 శాతం పైగా తగ్గిపోయింది. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా ద్వీపంలో పెంపుడు జంతువులుగా తెచ్చిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌లు అక్కడ మాత్రమే ఉండే పెద్ద తొండలను ఖాళీ చేస్తున్నాయి. దేశీయ జాతి అయినా వదలకండి. పెంపకంలో దొరికిన మైట్స్, వైరస్‌లు అడవి పాములకు అంటుకుంటాయి.

ఫ్రీజర్‌లో పెట్టడం. చల్లబడి నిద్రలోకి జారుకుంటుందన్న మాట ఎక్కడో విని నమ్మేవాళ్లున్నారు. పాము శరీరంలో మంచు స్ఫటికాలు ఏర్పడుతున్నప్పుడు దానికి నొప్పి తెలిసే అవకాశం ఉంది. పశువైద్య మార్గదర్శకాలు దాన్ని ఒప్పుకోవు.

అప్పగించాక

కొత్త ఇంట్లో ఐదు నుంచి ఏడు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు, తినిపించకూడదు. నీళ్లు మార్చడం, మలం తీయడం చాలు. మొదటి భోజనం మామూలు ఎలుక కంటే ఒక సైజు చిన్నది ఇవ్వమని చెప్పండి. తినకపోతే వారం ఆగి మళ్లీ ప్రయత్నించాలి, నోట్లో కుక్కకూడదు. మీరు పదో రోజున ఒకసారి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేస్తామని ముందే చెప్పి ఉంచండి. ఏదైనా తేడా ఉందంటే మొదట అడగాల్సింది థర్మామీటర్ ఎంత చూపిస్తోందని. ఆ అంకె, పాము బరువు రెండూ మీ పాత కాగితంతో పోల్చుకుంటే చాలావరకు కారణం దొరుకుతుంది.